పైన పెట్టే కామా

పోయిన వేసవిలో ఆవకాయ, మాగాయ పెట్టి తెలిసినవాళ్లకు అమ్మాను. సీసాల మీద అంటించడానికి ‘అమ్మాస్ పికిల్స్’ అని ఇంగ్లీషులో 200 స్టిక్కర్లు వేయించాను. మురిసిపోతూ చూపిస్తే, ఇంటర్ చదివే మా అమ్మాయి పడీపడీ నవ్వింది. “అమ్మా, అపాస్ట్రఫీ అమ్మకి కదా పెట్టాలి, పచ్చళ్లకి పెట్టావేంటి?”

అది నవ్వినందుకు కాదు, దాని స్నేహితురాలి ముందు నవ్వినందుకు మనసు చివుక్కుమంది. అయినా మర్నాడు దాన్నే కూర్చోబెట్టి చెప్పించుకున్నాను.

విషయం చిన్నదే. ఒకటి కంటే ఎక్కువ అని చెప్పడానికి ఉత్త ఎస్ చాలు, పైన కామా అక్కర్లేదు. ఫలానా వాళ్లది అని చెప్పాలంటే కామా పెట్టి ఎస్ రాయాలి. ఒక్క అమ్మాయి గది అయితే కామా ఎస్‌కి ముందు, అమ్మాయిలందరి గది అయితే ఎస్ తర్వాత. చిల్డ్రన్ లాంటి మాటకి బహువచనంలో ఎస్ లేదు కాబట్టి మళ్లీ ముందే. ‘దాని’ అనే అర్థంలో ఇట్స్‌కి మాత్రం కామా ఉండదు. పెడితే ‘ఇట్ ఈజ్’ అయిపోతుంది. పాత ఇంగ్లీషులో చాలా మాటలకి ఈ, ఎస్ రెండూ చేర్చి ‘యొక్క’ అనే అర్థం తెచ్చేవారట. ఆ ‘ఈ’ జారిపోయిన చోటికి గుర్తుగా ఈ కామా వచ్చింది.

నేర్చుకున్నాను, సంతోషమే. కానీ అదే పిల్ల నాకు వాట్సాప్‌లో ‘ఇల్లుకి వస్తున్నా’ అని పెడుతుంది! ఇల్లు ఇంటికి, ఊరు ఊరికి, నోరు నోటికి, ఏరు ఏటికి అవుతాయి. వీటినే చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అన్నాడు. ‘సీత చీర’ అంటే చాలు, కామా లేకుండానే చీర సీతదైపోతుంది. బి.ఏ. తెలుగులో ఇవన్నీ చదువుకున్నదాన్ని, ఇన్నాళ్లూ దాని తప్పు దిద్దలేదు. ‘అర్థమైందిగా’ అని ఊరుకున్నాను.

ఇక్కడే నాకు కోపం వస్తుంది, నా మీద కూడా. ఇంగ్లీషులో కామా తప్పితే తల దించుకుంటాం. తెలుగులో మాట మాటే తప్పినా ముద్దుగా ఉందంటాం. రెండూ భాషలే, రెండిటికీ పద్ధతి ఉంది. తెలియనిది నేర్చుకోవడానికి నామోషీ ఎందుకు? తెలిసినవాళ్లు నవ్వడం మాత్రం ఎందుకు? పిల్లల ముందు అమ్మని చులకన చేసే ఆ నవ్వు వల్ల ఎంతమంది ఆడవాళ్లు నలుగురిలో నోరు విప్పడం మానేశారో మీకు తెలియనిది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం కుదిరింది. నా ఇంగ్లీషు అది దిద్దుతుంది, దాని తెలుగు నేను దిద్దుతాను. నవ్వడం మాత్రం లేదు. కొత్త స్టిక్కర్లు వేయించాను. పాతవి మా వంటింటి పోపుడబ్బాల మీద ఉన్నాయి. నిన్న సాయంత్రం ‘ఇంటికి వస్తున్నా’ అని మెసేజ్ వచ్చింది.