‘పడదు’ అన్న మాటను పట్టించుకోవాలి

‘వంకాయ నాకు పడదు’, ‘పిల్లకు గుడ్డు పడదు’, ‘పాలు తాగితే పడదు’ అనే మాట వినపడని ఊరు లేదు. ఆ ఒక్క మాట వెనుక వేర్వేరు సంగతులు దాగి ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది. మిగిలినవి ఇబ్బందే తప్ప ప్రమాదం కావు. ఈ తేడా తెలియకపోతే నష్టం రెండు విధాలు. జాగ్రత్తగా చూసుకోవలసిన బిడ్డను ఎవరూ గమనించరు. ఏ జబ్బూ లేని బిడ్డకు బలమైన తిండి మాన్పిస్తారు.

పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బరిస్తే అది అలర్జీ కాదు. శరీరంలోని రక్షణ శక్తి తిండిలోని మాంసకృత్తులను శత్రువుగా పొరబడి తిరగబడటమే అలర్జీ. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు సాధారణంగా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తాయి. తీవ్రమైతే గొంతు బిగుస్తుంది, ఆయాసం వస్తుంది, రక్తపోటు పడిపోయి స్పృహ తప్పుతుంది.

మైసూరు పరిశోధకులు 2008లో ప్రకటించిన ఒక అధ్యయనం ఇక్కడ గమనార్హం. 741 మందిని విచారించగా సుమారు 9 శాతం మంది వంకాయ తింటే దురద వంటి బాధలు వస్తాయన్నారు. పరీక్షలు చేస్తే అసలైన అలర్జీగా తేలింది 1 శాతం లోపే. అంటే ‘పడదు’ అన్నవారందరికీ అలర్జీ ఉన్నట్టు కాదు. అలాగని ఎవరి మాటనూ కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఈ తేడాను ఊరికి చెప్పేవారెవరు? వైద్య విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యం చూసే పద్ధతి 2021-22లో చేరిన వారి నుంచి అమలులోకి వచ్చింది. బి.పి. చూసి, బరువు తూచి వెళ్లడంతో ఈ పని ముగిసిపోరాదు. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి బాధ మొదలైంది, ఏమైంది? ఈ నాలుగు ప్రశ్నలు ప్రతి ఇంటా అడిగి రాసుకోవడం విద్యార్థికి నేర్పాలి. పుస్తకంలో చదివిన జబ్బు వారికి గడపలో కనిపిస్తుంది. అనుమానం ఉన్నవారు పెద్దాసుపత్రికి పరీక్షకు వెళ్లగలుగుతారు.

ఆపద వేళ చేయవలసింది కూడా ఊరందరికీ తెలియాలి. గొంతు బిగిసినప్పుడు దురద మాత్ర ప్రాణం కాపాడదు. తొడ బయటి కండలో వేసే అడ్రినలిన్ సూదిమందే మొదటి చికిత్స. టీకాలు వేసే రోజున ఇటువంటి ఆపదకే ఎ.ఎన్.ఎం. వద్ద ఈ మందు ఉంచుతారు. తిండి వల్ల వచ్చే ఆపదకూ ఇది పల్లెలో అన్నివేళలా అందే ఏర్పాటును జిల్లా వైద్యాధికారులు చేయాలి. ఆయాసం కనిపించగానే రోగిని పడుకోబెట్టి, ఊపిరి ఆడకుంటే కూర్చోబెట్టి, నడిపించకుండా 108కి ఫోన్ చేయాలి.

భయంతో పిల్లల నోరు కట్టేయడమూ పొరపాటే. లండన్‌లో 640 మంది పసిపిల్లలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. వీరందరికీ తీవ్రమైన గజ్జి లాంటి చర్మవ్యాధో, గుడ్డు అలర్జీయో ఉంది. వేరుశనగకు దూరంగా ఉంచిన వారిలో అయిదేళ్ల వయసుకు నూటికి 17 మందికి దాని అలర్జీ వచ్చింది. ఏడాది నిండక ముందే తినిపించడం మొదలుపెట్టిన వారిలో నూటికి ముగ్గురికే వచ్చింది. అయితే పసివారికి గింజలు పెట్టరాదు, గొంతులో అడ్డుపడతాయి. ఆరు నెలలు నిండాక మెత్తగా నూరి ఇవ్వాలి. ఇటువంటి చర్మవ్యాధి, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు ముందుగా డాక్టరును అడగాలి.

బడి ప్రధానోపాధ్యాయులు అలర్జీ ఉన్న పిల్లల పేర్లు వంటవారికి చెప్పి ఉంచాలి. వేరుశనగ, పాలు, గుడ్డు, చేప వంటివి కలిస్తే ఆ సంగతి ప్యాకెట్ మీద ముద్రించాలని 2020 నాటి నిబంధన ఉంది. అట్ట మీది అక్షరాలు చదివే అలవాటు బడిలోనే మొదలు కావాలి. ఇంటికి వచ్చిన విద్యార్థికి తల్లిదండ్రులు దాచకుండా చెప్పాలి. వారు చెప్పింది ఆ విద్యార్థి ఓపికగా వినాలి. ఖర్చు లేని ఈ పనికి ఇక ఆలస్యం తగదు.