పాస్‌పోర్టు ఒక్కటే చాలదు

రేణిగుంట : తిరుపతి విమానాశ్రయాన్ని అంతర్జాతీయ ప్రమాణాలకు విస్తరించే సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు పేర్కొంది. రేణిగుంటలో 'గరుడ' టెర్మినల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2015 అక్టోబరు 22న ప్రారంభించారు. అయినా కువైట్ ప్రయాణమంటే ఈ ప్రాంతవాసులకు ముందుగా గుర్తుకొచ్చేది చెన్నై విమానాశ్రయమే. విమానం ఎక్కడ ఎక్కినా అధికారులు అడిగే పత్రాలు ఒకటే. ఏ పత్రం దేనికో తెలియకపోవడమే రాయచోటి, రాజంపేట, కోడూరు, పీలేరు పరిసరాల నుంచి గల్ఫ్ బాట పట్టే పేద కుటుంబాల పాలిట శాపమవుతోంది.

అడ్డంకి కాదు.. రక్షణ

తిరుపతిలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఏర్పాటయ్యాక పాస్‌పోర్టు పొందడం సులువైంది. అయితే పదో తరగతి ఉత్తీర్ణులు కాని వయోజనుల పాస్‌పోర్టును సాధారణంగా 'ఈసీఆర్' కోవలో జారీ చేస్తారు. వీరు కువైట్, సౌదీ అరేబియా సహా నిర్దేశిత దేశాలకు ఉపాధి కోసం వెళ్లాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఈ క్రమంలోనే యజమాని వివరాలు, వేతనం, పని ఒప్పందం 'ఈ-మైగ్రేట్'లో నమోదవుతాయి. రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. రెండేళ్లకు దీని ప్రీమియం రూ.275. ఈసీఆర్ పాస్‌పోర్టు గల మహిళలకు 30 ఏళ్ల కనీస వయసు నిబంధన ఉంది. 2016 నుంచి వీరి నియామకాలను ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు.

ఈ అనుమతిని దళారులు అనవసర జాప్యంగా చూపుతారు. విజిట్ వీసాపై ముందు మరో దేశానికి, అక్కడి నుంచి పని చేయాల్సిన చోటుకు తరలిస్తారు. అలా వెళ్లిన కార్మికుని పేరు ఈ-మైగ్రేట్‌లో ఉండదు. ఒప్పందం ఉండదు, బీమా రాదు.

వీసా నంబరులో మెలిక

కువైట్‌లో ఇంటి పనికి ఇచ్చేది 20వ నంబరు వీసా, ప్రైవేటు సంస్థల్లో పనికి ఇచ్చేది 18వ నంబరు వీసా. ఇంటి పని వీసాపై వెళ్లినవారు ఆ కఫీల్ వద్దే పనిచేయాలి. వేధింపులు భరించలేక బయటకు వచ్చి మరోచోట కుదిరితే చట్టరీత్యా నేరమవుతుంది. 'పారిపోయారు' అని కఫీల్ ఫిర్యాదు చేస్తే ఇక ఇబ్బందులు మొదలవుతాయి. పనివారి అనుమతి లేకుండా పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదని కువైట్ 2015లో తెచ్చిన 68వ చట్టం చెబుతోంది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని మన 1967 నాటి చట్టమూ స్పష్టం చేస్తోంది. ఆచరణలో మాత్రం అది యజమాని బీరువాలోనే ఉండిపోవడం మామూలైంది.

చివరకు మిగిలేది ఔట్‌పాస్

పాస్‌పోర్టు చేతిలో లేనివారికి భారత రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు 'ఔట్‌పాస్' అనే ఈ పత్రం స్వదేశానికి ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది. జరిమానాలు, కేసులు ఉంటే ఇది ఉన్నా కదలలేరు. అందుకే 2018, 2020, 2024 సంవత్సరాల్లో కువైట్ ప్రకటించిన క్షమాభిక్ష కోసం వేలాదిమంది ఎదురుచూశారు. 2024లో మార్చి 17న మొదలైన గడువును జూన్ నెలాఖరు వరకు పొడిగించారు.

ముందే చూసుకోవాలి

విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి ఆపేసరికే ఆలస్యమైపోతుంది. అప్పటికే దళారికి సొమ్ము ముడుతుంది, ఇంట్లో అప్పు మిగులుతుంది. కాబట్టి తనిఖీ జరగాల్సింది డబ్బు కట్టకముందు, ఊళ్లోనే. ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. వీసా నంబరు, కఫీల్ పేరు, ఒప్పందంలోని వేతనం సరిపోల్చుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రాల నకళ్లు ఇంట్లో ఉంచాలి. ఔట్‌పాస్ కోసం దరఖాస్తు చేసే రోజు వస్తే గుర్తింపు నిరూపణకు ఆ నకళ్లే ఆధారం. రేణిగుంట నుంచి గల్ఫ్‌కు నేరుగా విమానాలు వచ్చినా, పత్రాలపై ఊరూరా అవగాహన కల్పించనిదే ఈ కుటుంబాల కష్టం తీరదు.