ఫొటో అంచున ఉన్నవాళ్లు

2018 ఆగస్టులో గ్రేటా థన్‌బర్గ్ బడి ఎగ్గొట్టి స్వీడన్ పార్లమెంటు ముందు అట్ట పట్టుకుని కూర్చుంది. పదిహేనేళ్ల పిల్ల! కొందరు నెత్తిన పెట్టుకున్నారు, కొందరు ‘బుద్ధిగా చదువుకోక ఎందుకమ్మా’ అన్నారు. తిట్టినా పొగిడినా పేరు మాత్రం ఊరూరా తెలిసింది. మరి 2020 జనవరిలో దావోస్‌లో ఆమె పక్కన ఫొటో దిగిన ఉగాండా యువతి వనెస్సా నకాటే? ఫొటోలోని ఐదుగురిలో నల్లజాతి అమ్మాయి ఆమె ఒక్కతే. అసోసియేటెడ్ ప్రెస్ విడుదల చేసిన ఫొటోలో ఆమే లేదు. వెనకాల భవనం బాగోలేదని కత్తిరించారట! గొడవయ్యాక ఆ సంస్థ విచారం వెలిబుచ్చింది.

ఇలాంటి కత్తెర మన దగ్గరా ఉంది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో రాజమండ్రి పిల్ల దుర్గాబాయి, టికెట్ లేదని నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసిన కథ చాలామందికి తెలుసు. అప్పుడామెకు 14 ఏళ్లు. నెహ్రూ మెచ్చుకున్నారు కూడా.

అంతకు ముందే, 1921 ఏప్రిల్‌లో, పన్నెండేళ్లు నిండకుండానే ఆమె ఇంకా పెద్ద పని చేసింది. కాకినాడ వస్తున్న గాంధీజీ దేవదాసీలతోనూ పరదా చాటు ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పట్టుబట్టింది. 5 వేల రూపాయలు తెస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. అంత సొమ్ము చిన్నపిల్ల ఎక్కణ్నుంచి తెస్తుందిలే అనుకుని ఉంటారు. తెచ్చింది! పోగుచేసి ఇచ్చింది దేవదాసీలే. పది నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంట దాటినా కదల్లేదు. ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆయన మాటల్ని తెలుగు చేసి వినిపించిందీ ఆ పిల్లే.

అయినా టికెట్ కథే ఎక్కువగా చెప్పుకుంటాం. అందులో నెహ్రూ ఉన్నాడు, పిల్ల రూలు పాటించింది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇందులోనో, దేవదాసీలున్నారు. దుర్గాబాయి పేరు నిలిచింది. సొమ్ము కూడబెట్టిన ఆ స్త్రీల పేర్లు ఏ సభలోనూ వినపడవు.

అదే గోదావరి మీద పట్టిసీమ. 2015లో ఎత్తిపోతల మొదలైనప్పట్నుంచి 24 పంపుల బొమ్మలు చూసి చూసి కళ్లకు అలవాటైపోయాయి. ఏటి నడుమ వీరభద్రుడి గుడి సరేసరి. కాస్త ఎగువకు వెళితే పోలవరం ప్రాజెక్టు. దానికోసం ఊళ్లు వదిలిన కోయల, కొండరెడ్ల ఇళ్లలోనూ దుర్గాబాయి ఈడు పిల్లలున్నారు. వదిలొచ్చిన ఊరి పేరు, కొత్త కాలనీ నుంచి బడికున్న దూరం వాళ్లనడిగితే చెబుతారు. పట్టిసీమ దాకా వచ్చే కెమెరాలకు ఆ కాస్త దూరమూ భారమా?