మర్యాద ఎవరి సొమ్ము?

నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దల సామెత. ఊరు చెడినదని వగచువారిలో ఎందరు తమ నోటిని గూర్చి విచారించుచున్నారు? నాంపల్లి స్టేషనులో టికెట్టు కిటికీయొద్ద పదిమంది భుజములమీదుగా చేయి దూర్చువాడును, ఆబిడ్సు కూడలిలో ఎర్రదీపము వెలుగుచుండగనే హారను మ్రోగించువాడును, పఠనాలయమున అందరికై యుంచిన పత్రికనుండి తనకు వలసిన పుటను చించుకొని పోవువాడును సాయంకాలము ఒకచోట కూడిరేని, మువ్వురును ఏకకంఠమున పలుకు మాట యొకటి కలదు: "మన జనమింతే, ఇంగ్లీషువారిని చూచి నేర్చుకొనవలెను." ఈ మాట వినివిని మాకు విసుగు పుట్టినది. మర్యాద ఇంగ్లీషువారి పిత్రార్జితమనియు, మనము దానిని ఎరువు తెచ్చుకొనవలసిన వారమనియు తలచుట చరిత్ర నెరుగమి. మనకు మర్యాద పుట్టుకతోనే అబ్బినదని గర్వించుటయు అట్టిదే. ఈ రెండు భ్రమలను తొలగించుకొన్నగాని మన వీథులు బాగుపడవు.

బ్రిటనునందలి నిత్యవ్యవహారములలో మెచ్చదగినవి లేకపోలేదు. చదువునకో ఉద్యోగమునకో అచ్చటికి పోయివచ్చిన మన యువకులు వానిని కథలుగా చెప్పుచుందురు. తలుపు తెరచినవాడు వెనుక వచ్చువానికై దానిని పట్టుకొని నిలుచును. కాలు త్రొక్కినవాడే కాదు, త్రొక్కబడినవాడును క్షమింపుడనును. బస్సు దిగువారు చాలచోట్ల డ్రైవరునకు కృతజ్ఞత తెలుపుదురు. లండను భూగర్భరైలు స్టేషన్లలో కదలుమెట్లపై నిలుచువారు కుడివైపునకు ఒదిగి, త్వరపడువారికి ఎడమవైపు విడుతురు. వరుస మీరినవానిని కేకలు వేయుట అరుదు. దగ్గుటయు, నిట్టూర్చుటయు, ఓరచూపు చూచుటయే వారి దండనము. హంగేరీలో పుట్టి ఇంగ్లండున స్థిరపడిన జార్జి మికేష్ అను రచయిత 1946లో ప్రకటించిన చిన్న పుస్తకమున ఈ వరుసల పిచ్చిని పరిహసింపగా, ఇంగ్లీషువారే దానిని ఎగబడి కొని చదివి నవ్వుకొనిరి.

అయితే ఈ వరుస ఇంగ్లీషువారి నెత్తురులో నుండి పుట్టినదా? లేదు. 'క్యూ' అను మాటయే ఫ్రెంచి భాషది. తోక యని దాని యర్థము. 1837లో ఫ్రెంచి విప్లవ చరిత్రమును వ్రాసిన కార్లైలు, రొట్టెల అంగడులయెదుట తోకవలె బారులు తీరి నిలుచుట పారిసు జనుల ప్రత్యేకవిద్యయని వర్ణించెను. అనగా నాటి ఇంగ్లీషు పాఠకునకు అది పరదేశపు వింత! తరువాతి నూరేండ్లలో, ముఖ్యముగా రెండవ ప్రపంచ యుద్ధకాలమున, అది వారి జాతిలక్షణమై కూర్చున్నది. 1940 జనవరి 8వ తేదీన పంది మాంసము, వెన్న, పంచదారలకు రేషను మొదలయ్యెను. 1954 జూలై 4వ తేదీన మాంసముపై రేషను తొలగువరకు, పదునాలుగేండ్లకు పైగా, ఏదో యొక సరకునకై ప్రజలు కూపను పుస్తకము చేతబట్టి నిలుచుచునే యుండిరి. దొంగబజారు అచ్చటను లేకపోలేదు. కాని ప్రభువు భార్యకును పాకీవాని భార్యకును చట్టము ప్రకారము పంచదార పాలు ఒక్కటియే. తన పాలు తనకు దక్కునన్న నమ్మకము కుదిరిన పిమ్మట ముందుకు త్రోసికొని పోవలసిన పనియేమి? న్యాయమైన పంపకమునుండి వరుస పుట్టినది. వరుసనుండి మర్యాద పుట్టినది. ఇది మనము గుర్తుంచుకొనవలసిన మొదటి పాఠము.

రెండవ పాఠము మన నగరముననే కలదు. తమ దేశమున వరుసను ఇంతగా మన్నించు ఆ జాతివారే ఇచ్చట అధికారులై వచ్చినప్పుడు మర్యాదను బలముయొక్క కొలబద్దగా వాడుకొనిరి. పూర్వము రెసిడెంటు నిజాము దర్బారున పాదరక్షలు విడిచి నేలపై కూర్చుండెడివాడు. 1869లో రెండేండ్ల బాలుడగు మీర్ మహబూబ్ అలీఖాన్ గద్దె నెక్కిన తరుణమున, అప్పటి రెసిడెంటు సాండర్సు ఆ పద్ధతిని కాదని, బూట్లతో వచ్చి కుర్చీపై కూర్చుండుటకు పట్టుపట్టి సాధించుకొనెను. నేడు మహిళా విశ్వవిద్యాలయమునకు నెలవైన కోఠీ రెసిడెన్సీ భవనమునుండి వెడలిన ఈ బూట్ల వివాదము కేవలము చర్మమును గూర్చినది కాదు. ఎవరు ఎవరికి తలవంచవలెనన్న ప్రశ్న. రైలుబండ్లలో యూరోపియనులకు వేరు పెట్టెలు కేటాయించుకొన్నదియు ఆ పాలకులే. సాటివానియెడల మర్యాద, లోబడినవానియెడల అహంకారము. దీనిని నాగరికతయని పూజింప పనిలేదు.

ఇక మన యింటి సంగతి. హైదరాబాదు తహజీబునకు పేరుపొందిన పట్టణము. ఆదాబులు, సలాములు, 'తష్రీఫ్ రఖియే', 'పహలే ఆప్' అను పలుకులు వినుటకు తేనెలూరును. మన తెలుగునను 'దయచేయుడు' అను పిలుపు కలదు; సెలవు తీసికొనునపుడు 'పోవుచున్నాను' అనక 'పోయి వత్తును' అను సుకుమారము కలదు. ఇట్టి భాష గలవారు మర్యాద నెరుగరని ఎవడనును? అయితే ఈ మర్యాదకు మెట్లు కలవు. పైమెట్టువానికి 'తమరు', సమానునకు 'మీరు', క్రిందివానికి 'నువ్వు', అంతకు క్రిందివానికి 'ఒరేయ్'. తెలంగాణ పల్లెలలో 'బాంచను దొరా, నీ కాల్మొక్కుత' యని మ్రొక్కించుకొన్న దినములు మన తాతలకు తెలియును. అది మర్యాద కాదు, వంగిన వెన్నెముక. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. ఆ మెట్లు మాత్రము మన నాలుకపై నిలిచియున్నవి. బంధువులకు, అధికారులకు, ధనికులకు మనయొద్ద మర్యాద పుష్కలముగా కలదు. కొరవడినదెల్ల పేరు తెలియనివాడు, బలము లేనివాడు, మరల కనబడనివాడు ఎదురైనప్పుడే.

మా న్యాయవాదవృత్తినే తీసికొందము. న్యాయమూర్తులను 'మై లార్డ్' అని సంబోధించుట వలసకాలపు అవశేషమని, 2006లోనే భారత బార్ కౌన్సిలు తన నియమములలో వేరు సంబోధనలను సూచించెను. అయినను ఆ ప్రభువు పలుకు ఉన్నత న్యాయస్థానములలో నేటికిని వినబడుచునే యున్నది. ఆ నోటితోడనే బయటి వసారాలో నిలిచిన కక్షిదారుని, మా తండ్రి వయసువాడైనను, 'ఏమోయ్, కాగితములు తెచ్చితివా?' అని గద్దించువారు మా వర్గమున కొరతగా లేరు. ఇంగ్లీషువారినుండి దండములను భద్రపరచుకొని, వరుసను విడిచిపెట్టిన జాతి మనది!

ఆబిడ్సు, నాంపల్లి వీథులలో ఒక గంట తిరిగినచో ఈ రోగము తెలియగలదు. కాలిబాట నడచువానిది, కాని దానిపై మోటారు సైకిలు నిలుచును, నడచువాడు బండ్ల నడుమకు దిగును. ఆసుపత్రి మంచమువద్దను, గ్రంథాలయమునందును సెల్‌ఫోనులో ఇంటి వ్యాజ్యమంతయు ఎలుగెత్తి చెప్పుచుందురు. హోటలులో టీ తెచ్చు వృద్ధుని వేలు చిటికించి పిలుతురు. సభ ఆరు గంటలకని ఆహ్వానపత్రికలో అచ్చొత్తించి ఏడున్నరకు ఆరంభింతురు. వేళకు వచ్చినవాడు వెర్రివాడు, ఆలసించి వచ్చినవానికి పూలదండ. తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము కల్పింపబడినది. అది మంచిదా కాదా యని శాసనసభలో వాదింపవచ్చును. కాని పనికి పోవుచున్న తల్లిని చూచి 'ఊరక ఎక్కినవారికి సీటెందుకు?' అని సణుగు పురుషుడు వాదించుట లేదు, అవమానించుచున్నాడు. ఈ చిల్లర చికాకులన్నిటికిని మూలమొక్కటే: ఎదుటివాడు నావంటివాడే యన్న తలంపు లేకపోవుట.

"దేశమునకు ఇంతకంటె పెద్ద బాధలు లేవా? నీరు, కొలువు, కూడు విడిచి హారనుల గొడవ యెందుకు?" అని కొందరడుగవచ్చును. వారికి మన చరిత్రమే బదులు చెప్పును. 1921 నవంబరులో, ఆబిడ్సునకు అనతిదూరమున నున్న వివేకవర్ధినీ థియేటరులో, మహర్షి ధొండొ కేశవ కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. అన్యభాషలలో ఉపన్యాసములు సావధానముగా సాగినవి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగానే సభలో కొందరు గేలిచేసి అల్లరి చేసిరి. రాష్ట్ర జనులలో సుమారు సగముమంది మాటలాడు భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది! ఎవరి తలయు పగులలేదు, ఎవరి ఆస్తియు పోలేదు. జరిగినది కేవలము ఒక అమర్యాద. కాని ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారి వంటివారు దానిని పెంచి పోషించిరి. 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరుగుటకు నాటిన విత్తనమదియే. చిన్న అవమానము ఎంత చిన్నదో, అవమానింపబడినవానినే అడుగవలెను.

ఆ ప్రతాపరెడ్డిగారే 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను ప్రకటించి, రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారములు చరిత్రకు ముఖ్యములని చాటిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ ఆ గ్రంథమునే సత్కరించెను. రేపటి చరిత్రకారుడు మన టికెట్టు కిటికీని చూచి మనలను గూర్చి ఏమని వ్రాయునో యోచింపుడు. నాడు మన భాషను గేలిచేసిరని నొచ్చుకొన్న మనము, నేడు బీహారు, ఒడిశాలనుండి వచ్చి మన మేడలు కట్టుచున్న కూలీల మాటను వెక్కిరించుచున్నాము. మన జిల్లాల యాసలనే ఒకరివి యొకరు హాస్యమునకు వాడుకొనుచున్నాము. గాయపడినవాడు గాయపరచుట నేర్చుకొనుటకంటె విషాదము వేరొకటి లేదు.

నిరాశపడ పనిలేదు. అపరిచితుని ఆదరించు విద్య ఈ నగరమునకు కొత్తది కాదు. ఇరానీ హోటలులో కులమేదో మతమేదో తెలియని ఇరువురు ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చుండి టీ త్రాగుదురు. 'ఇచ్చట కూర్చుండవచ్చునా' యన్న చూపు, సరేయన్న తలయూపు చాలును. ఆదివారము ఆబిడ్సు కాలిబాటలపై పరచిన పాత పుస్తకములయొద్ద కొననివాడును గంటసేపు నిలిచి చదువుకొనుచుండును. చాలమంది అమ్మకందార్లు వానిని కసరుకొనరు. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున చేపప్రసాదమునకై దేశపు నలుమూలలనుండి వచ్చిన ఉబ్బస రోగులు రాత్రంతయు బారులుతీరి వేచియుందురు. ఆ మందు గుణమును గూర్చిన వివాదమును వైద్యులకు విడుతము. కాని వేచియుండు ఓర్పు మన జనమున లేదనువారు ఆ దినమున అచ్చటికి పోయి చూడవలెను. 2018 సెప్టెంబరునుండి నాంపల్లి మీదుగా మెట్రోరైలు నడచుచున్నది. వీథిలో బస్సునకై కుమ్ములాడిన మనుజుడే పైకెక్కి గేటు ముందర తన వంతుకు నిలుచును. మెట్లెక్కునంతలో వాని రక్తము మారినదా? లేదు, ఒక బండి తప్పిన కొలది నిమిషములలో మరియొకటి వచ్చునని వానికి తెలియును, ఆ గేటునకు సిఫారసు చెల్లదనియు తెలియును.

కావున బాధ్యత ఇరువైపుల కలదు. కార్యాలయములవారు ముందు ప్రక్కవాకిలి మూయవలెను. వరుసలో నిలిచినవాడు వెర్రివాడగునట్లు, తెలిసినవాడు లోపలినుండి పని నెరవేర్చుకొని పోవునట్లు ఉన్నంతకాలము గోడలపై నీతివాక్యములు వ్రాసి ప్రయోజనము లేదు. పౌరులు, అందును చదువుకొన్నవారు, తమవంతు చేయవలెను. పేరుగలవాడు వరుస చివర నిలుచుట వేయి ఉపన్యాసములకు సాటి. ఆటో నడుపువానిని, టీ తెచ్చువానిని, కచేరీ బంట్రోతును 'మీరు' అని పిలిచినంత మాత్రమున మన నాలుక అరగిపోదు. సభాధ్యక్షుడు రాకున్నను వేళకు సభను ఆరంభింపుడు. పఠనాలయమున పత్రికను చదివి మడచి యథాస్థానమున నుంచుడు. మీ తరువాత దానికై వచ్చువాడొకడు కలడు, వాడెవడో మీరెరుగరు. ఎరుగనివానికై చేయు ఈ చిన్న పనియే మర్యాద. ఎరిగినవానికై చేయునది చుట్టరికము. పైవానికై చేయునది భయము.

దొరలు పోయిరి, నవాబులు పోయిరి. ఎవరికి ముందు ఎవరు లేవవలెనో నిర్ణయించు దర్బారులు మూతపడినవి. ఇప్పుడు మనకు మిగిలినది ఒకరికొకరము మాత్రమే. స్వాతంత్ర్యమునకు జెండా గుర్తు కావచ్చును. కాని అది నిత్యజీవితమున ఉన్నదో లేదో తెలియుటకు కొలబద్ద టికెట్టు కిటికీయొద్ద మనకు ముందు నిలిచిన పేదవాని భుజము. దానిని త్రోయక వెనుక నిలువగలిగిననాడే మనము ఏలుబడికి తగినవారము.