వార్డులో నిలబడ్డ గంటలు

మా తోడికోడలి కూతురు హైదరాబాద్‌లో ఐసీయూ నర్సు. ఏడేళ్లుగా అదే పని. నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇంత టిఫిన్ తిని, జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం ఫోను ముందు కూర్చుని జర్మన్ క్లాసు వింటుంది. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ, "పెద్దమ్మా, వాళ్లకు చెంచా మగ, ఫోర్కు ఆడ, కత్తి రెండూ కాదట. మనకు మూడూ 'అది'లే. ఎట్లా గుర్తుంటాయి చెప్పు?" అని నవ్వింది. ఆ నవ్వు ఫైలు తెరిచేదాకానే.

ఫైల్లో అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుంది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మార్కుల లిస్టులు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, రెండు ఆసుపత్రుల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు. మొదటి ఆసుపత్రిలో నాలుగేళ్లు చేసింది. ఆ సర్టిఫికెట్ తీసి చదివాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా స్టాఫ్ నర్సుగా చేసింది, నడవడిక బాగుంది. అంతే, రెండు పంక్తులు. ఏ వార్డు, ఎలాంటి రోగులు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను చూసిందా, డయాలసిస్ చూసిందా, ఒక్క ముక్క లేదు.

ఈ రెండు పంక్తులు ఆమెకు ఎంత నష్టం చేస్తాయో తెలియాలంటే జర్మనీవాళ్లు మన చదువును ఎలా తూకం వేస్తారో చూడాలి. జర్మనీలో నర్సు చదువు మూడేళ్లు. అక్కడి నిబంధనలు దాన్ని గంటల్లో లెక్క కట్టాయి: తరగతిలో 2,100, రోగుల దగ్గర 2,500. మన అమ్మాయి కాగితాలను ఆ లెక్క పక్కన పెట్టి, ఏ పాఠం ఎన్ని గంటలు విన్నది, ఏ వార్డులో ఎన్ని గంటలు నిలబడ్డది అని పోలుస్తారు. పోల్చేది ఉద్యోగం దొరికిన రాష్ట్రపు అధికారులు. అలాంటి రాష్ట్రాలు 16. తక్కువ పడితే, ఎక్కడెక్కడ తక్కువో రాసి ఉత్తరం ఇస్తారు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒక పరీక్ష రాయవచ్చు. అందులో నోటితో చెప్పేది ఒక భాగం, రోగి పక్కన చేసి చూపించేది ఇంకో భాగం. పరీక్ష వద్దనుకుంటే ఆసుపత్రిలోనే కొన్ని నెలల శిక్షణ తీసుకోవచ్చు. దీంతోపాటు జర్మన్ భాషలో సాధారణంగా బీ2 స్థాయి కావాలి. ఇవన్నీ పూర్తయ్యేదాకా ఆమె అక్కడ నర్సు కాదు, సహాయకురాలు. జీతమూ సహాయకురాలిదే.

పరీక్ష పెట్టడాన్ని నేను తప్పుపట్టను. రోగి ప్రాణం మీద చెయ్యి వేసే మనిషిని ఏ దేశమైనా పరీక్షించుకోవాల్సిందే. పైగా అక్కడి పని నిజంగానే వేరు. మన ఐసీయూలో ఐవీ లైన్ వేసేది సిస్టరే. అక్కడ చాలాచోట్ల డాక్టరు వేస్తారు. మన దగ్గర ఒళ్లు తుడవడం, తినిపించడం, పక్క మార్చడం ఆయమ్మకో పేషెంటు ఇంటివాళ్లకో వదిలేస్తాం. అక్కడ అది నర్సు పనిలో ముఖ్యభాగం. స్నానం చేయించేటప్పుడే వీపు మీద పుండు మొదలైందా, తినిపించేటప్పుడే మింగుడు సరిగా పడుతోందా అని కనిపెట్టాలి. దానికి తోడు 2020 నుంచి అక్కడ వృద్ధుల సంరక్షణను, పిల్లల నర్సింగ్‌ను, మామూలు నర్సింగ్‌ను కలిపి ఒకే చదువు చేశారు. మన అమ్మాయిలు కొందరు అక్కడికి వెళ్లిన మొదటి నెలల్లో, ఇంత చదివి ఆయా పనా అని ఫోనుల్లో ఏడుస్తారు. ఆ ఏడుపు నాకు అర్థమవుతుంది, కానీ ఆ పని చిన్నదని నేను ఒప్పుకోను. మనిషి ఒంటిని తాకి శుభ్రం చేసే పని తక్కువ కులాలకు, తక్కువ జీతాలకు వదిలేసి, అది తక్కువ పని అని పిల్లలకు నేర్పింది మనం.

నా కోపం వేరే చోట ఉంది. చదువులో లోటు ఉన్నా, చేసిన ఉద్యోగంలో వచ్చిన అనుభవంతో దాన్ని పూడ్చుకోవచ్చని జర్మనీ చట్టమే అంటోంది. ఏడేళ్ల ఐసీయూ పని చాలా లోటును పూడ్చగలదు కదా. కానీ దానికి రుజువు ఏదీ? ఆ రెండు పంక్తులా? 2024 నుంచి ఈ కాగితాల పోలిక వద్దనుకుని నేరుగా పరీక్షకో శిక్షణకో వెళ్లే వీలు కల్పించారు. త్వరగా తేలుతుంది, మంచిదే. కానీ ఆ దారిలో వెళ్లిన పిల్ల ఏడేళ్ల అనుభవం ఆ లెక్కలోకే రాదు.

ఇక మా పిల్ల చదివిన నర్సింగ్ స్కూలు మూతపడింది. పరీక్ష పెట్టింది ప్రభుత్వ బోర్డు గనక మార్కుల లిస్టులు దొరికాయి. గంటల వివరాలు రాసివ్వడానికి మాత్రం ఎవరూ లేరు. నర్సింగ్ విద్యార్థులు క్యుములేటివ్ రికార్డు, ప్రసవాల కేస్‌బుక్ రాస్తారు. ఏ రోజు ఏ పని చేశారో ట్యూటర్ సంతకాలతో ఉంటుంది. మూడేళ్ల చెమటకు అసలైన సాక్ష్యం అదే. ఆమె తన రికార్డును పరీక్షల ముందు స్కూల్లో అప్పజెప్పింది. మళ్లీ చేతికి రాలేదు. బీఎస్సీ వాళ్లకు యూనివర్సిటీ ఉంది కదా అనుకుంటాం. వరంగల్‌లో ఇప్పుడు కాళోజీ పేరుతో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, కానీ రాష్ట్ర విభజనకు ముందు డిగ్రీ తీసుకున్న వరంగల్ అమ్మాయి ట్రాన్స్‌క్రిప్ట్ కోసం విజయవాడలోని ఎన్టీఆర్ విశ్వవిద్యాలయాన్నే అడగాలి. నైట్ డ్యూటీల మధ్య ఎన్నిసార్లు తిరుగుతుంది? ఇక ఇన్నేళ్లు పనిచేయాలని బాండ్ పెట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే ఆసుపత్రుల సంగతి నర్సులందరికీ తెలిసిందే.

కేరళ అమ్మాయిలు 1960లలోనే క్రైస్తవ సంస్థల ద్వారా పశ్చిమ జర్మనీ వెళ్లారు. ఏ కాగితం ఎప్పుడు అడగాలో కేరళ ఇళ్లలో తల్లులకు కూడా తెలుసు. మనకు ఆ అనుభవం లేదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, విదేశీ ఉద్యోగాలకు మనవాళ్లను పంపుతున్నాయి. అయినా లక్షలు అప్పు చేసి ఏజెంట్ల చేతిలో పోసే ఇళ్లు చూస్తూనే ఉన్నాను. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగినది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే.

మన నర్సింగ్ కౌన్సిళ్లను, యూనివర్సిటీలను నేను అడిగేది పెద్ద ఖర్చయ్యేది కాదు. కోర్సు పూర్తయిన రోజునే సబ్జెక్టు గంటలు, వార్డు గంటలు రాసిన కాగితం ప్రతి విద్యార్థికీ ఇప్పించండి. స్కూలు మూసేవాళ్లు రికార్డులన్నీ కౌన్సిల్‌కు అప్పజెప్పాకే తాళం వెయ్యాలని నియమం పెట్టండి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌కు ఒక నమూనా ఇవ్వండి: ఏ వార్డు, ఎన్ని పడకలు, ఏ పనులు, వారానికి ఎన్ని గంటలు. ఇంట్లో నర్సింగ్ చదువుతున్న పిల్ల ఉంటే, తనకు పాఠం చెప్పిన ప్రిన్సిపాల్ కుర్చీలో ఉండగానే సిలబస్ పేజీల మీద సంతకం, ముద్ర వేయించుకొమ్మని ఇవాళే చెప్పండి.

ఈ ఆదివారం మా పిల్ల ఖమ్మం వెళ్తోంది, పాత ట్యూటర్‌ను వెతుక్కుంటూ. మూతపడ్డ స్కూలు తరఫున ఆవిడ సంతకాన్ని జర్మనీలో ఒప్పుకుంటారన్న ఆశ పెద్దగా లేదు. కానీ వాళ్ల బ్యాచ్‌లో ఎవరు ఏ వార్డులో ఎన్ని రోజులు చేశారో ఆవిడ ఒక నోటుబుక్కులో రాసుకునేదట. అది ఇంకా ఆవిడ దగ్గర ఉందేమో అడగడానికి.