కడశీల చూడని కీర్తి



పెరటిలో విమానమో హెలికాప్టరో తయారుచేసిన యువకుని గూర్చి మన పత్రికలు వ్రాసే వార్తలకు ఒక మూస ఉన్నది. చదువు తక్కువ, పట్టుదల ఎక్కువ. పాత ఇనుము, కొత్త కల. చివరకు అనుమతి ఇవ్వని అధికారులపై ఒక నిట్టూర్పు. చుక్కానిని కదిపే కడ్డీల కీళ్లలో బోల్టులు ఎవరు బిగించారు, బిగించిన వాటిని మరెవరు చూశారు అన్న ప్రశ్న మాత్రం ఆ వార్తలలో కానరాదు. ఆ ప్రశ్న అడుగని పొగడ్త ఆ యువకునికి అపకారమే అని నా వాదం.

2021 ఆగస్టులో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో ఒక యువకుడు స్వయంగా నిర్మించిన హెలికాప్టరును నేలమీదనే పరీక్షిస్తుండగా తోక రెక్క విరిగి పెద్ద రెక్కకు తగిలింది. ఆ దెబ్బ అతని ప్రాణం తీసింది. అతని ప్రతిభను శంకించేవాడను కాను. పక్కన నిలిచి "ఆగు నాయనా, ఇంకొకమారు చూద్దాం" అనే మనిషి అటువంటి వారికి ఉండాలంటున్నాను.

మా కె. కోటపాడు ప్రాంతంలో గోవాడ చక్కెర కర్మాగారానికి చెరకు బండ్లు తోలిన తరానికి కడశీల విలువ చెప్పనక్కరలేదు. ఇరుసు కొసన చక్రం జారకుండా ఆపేది ఆ చిన్న ఇనుపముక్కే. విమానంలో ఆ పని కాటర్ పిన్నుది. గాళ్లున్న నట్టును బిగించి, బోల్టు రంధ్రం గుండా పిన్నును దూర్చి కొసలు వంచుతారు. తిరుగాడే కీలు వద్ద కేవలం నైలాన్ వలయపు పట్టుతో నిలిచే నట్టును నమ్మరాదు. ఒకసారి తీసిన పిన్నును మరల వాడరాదు. వీలైనచోట బోల్టు తలను పైకో ముందుకో ఉంచుతారు. నట్టు ఊడినా బోల్టు వెంటనే జారిపోదు. బిగించిన నట్టుపై రంగు గీత గీస్తారు. గీత తెగితే నట్టు కదలినట్లు. వీటికి కావలసింది ధనం కన్నా ఓర్పు.

ఆ ఓర్పు లోపిస్తే ఏమగును? 2000 ఫిబ్రవరి 16న కాలిఫోర్నియాలో ఎమరీ సంస్థ డీసీ-8 సరకు విమానం కూలి ముగ్గురు సిబ్బంది మరణించారు. తోకలోని ఎలివేటరు ట్యాబును కదిపే కడ్డీ బోల్టును సరిగా భద్రపరచలేదనీ, తనిఖీలో అది బయటపడలేదనీ విచారణ తేల్చింది. 2011 సెప్టెంబరు 16న రీనో పందేలలో, భారీ మార్పులు చేసిన పీ-51 విమానం ప్రేక్షకుల చెంత కూలి 11 మంది మరణించారు. లాక్‌నట్ల లోపలి పట్టు క్షీణించి, ట్రిమ్ ట్యాబు మరలు వదులైనవి.

"రైట్ సోదరులకు అనుమతి ఎవరిచ్చారు?" అని అడిగేవారున్నారు. వారి కథ పూర్తిగా చదువండి. 1903 నవంబరులో వారి యంత్రపు గొలుసు చక్రాలు వదులైతే టైర్లకు వాడే జిగురుతో నట్లను నిలిపారు. పంకా ఇరుసు బీటలిస్తే ఓర్విల్ డేటన్ నగరానికి తిరిగి వెళ్లి ఉక్కు ఇరుసులు చేయించి తెచ్చాడు. డిసెంబరు 17న ఎగిరినది ఆ ఇరుసులతోనే.

అకారణ జాప్యాన్ని నేను సమర్థించను. ముంబయిలో ఇంటి డాబాపై విమానం నిర్మించిన అమోల్ యాదవ్‌కు నమోదు 2017లో గాని దక్కలేదు. అయితే దస్త్రం కదలకపోవడం వేరు, కీలును పరీక్షించడం వేరు. మొదటిదానిపై కోపంతో రెండవదానిని తిట్టడం అవివేకం.

వ్రాసినవానికి తన వ్రాతలో తప్పు కనబడదు కనుకనే అచ్చుప్రతిని మరొకరు దిద్దుతారు. బ్రిటన్‌లో విమాన నియంత్రణ కీళ్లను కదిపిన తరువాత రెండవ వ్యక్తి స్వతంత్రంగా చూడవలెనన్న నియమం ఇందుకే ఉన్నది. పుస్తకంలో తప్పు దొర్లితే తప్పొప్పుల పట్టిక వేయవచ్చు. ఆకాశంలో ఆ సదుపాయం లేదు.

ఇకపై అటువంటి వార్త కనబడితే, చప్పట్లకు ముందు ఆ రెండవ మనిషి ఎవరో అడుగండి.

స్వస్తి.