నోట్లో గాలం పడితేనే నీ చేప

మాంసం దగ్గర మనకుండే ఫికర్ చేప దగ్గర ఉండదు. జబీహా ఎవరు చేశారు, ఎట్లా చేశారు అనే సవాలే రాదు. నీళ్లలోంచి వచ్చిందా, హలాల్, బస్. పరదేశంలో ఉన్న మన ఖాందాన్లకైతే ఇదొక పెద్ద ఆసానీ. కానీ చేప హలాల్ అయినంత మాత్రాన దాన్ని పట్టిన తరీఖా కూడా సహీ అయిపోతుందా?

ఈ సవాలు నాకు అమెరికాలో, మామీ నది ఒడ్డున ఎదురైంది. ఒహాయో రాష్ట్రంలో టోలెడో పక్కన పెర్రీస్‌బర్గ్ అనే ఊరుంది. హైవే మీద పోతుంటేనే మసీదు గుంబద్, రెండు మినార్లు కనబడతాయి. మా ఆపా కొడుకు నౌకరీ అక్కడే. ఊరి అంచునే నది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈరీ సరస్సులోంచి వాల్‌ఐ చేపలు గుంపులుగా గుడ్లు పెట్టడానికి ఈ నదిలోకి ఎక్కొస్తాయి. చలి తగ్గి నీళ్లు ఆరు నుంచి పది డిగ్రీల మధ్యకు వచ్చేసరికి, గులకరాళ్ల మీద ఉరికే నీళ్లలో ఆడచేప గుడ్లు వదులుతుంది. పెద్దదైతే లక్షల్లో. గూడు లేదు, కాపలా లేదు. రాళ్ల సందుల్లో అల్లాహ్ భరోసా మీద వదిలేసి సరస్సుకు వాపస్. మగవి మాత్రం ఇంకొన్నాళ్లు అక్కడే తచ్చాడతాయి. వీటి కంట్లో అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. మసక వెలుతురులోనూ బురద నీళ్లలోనూ బాగా చూస్తాయి. అందుకే షామ్ అయ్యేకొద్దీ కదలిక పెరుగుతుంది.

మనుషులకూ అంతే. రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని, నడుంలోతు చల్లటి నీళ్లలో, నమాజు సఫ్‌లో నిలబడ్డట్టు భుజం భుజం ఆనించి వరసగా నిలబడతారు. ఖానూన్ గట్టిది. మనిషికి రోజుకు 6 చేపలు, ఒక్కోటి కనీసం 15 అంగుళాలుండాలి, ఒకటే ముల్లున్న గాలం. ఈ నెలల్లో సూర్యుడు అస్తమిస్తే గాలం తీసేయాల్సిందే. అంటే సరిగ్గా మగ్రిబ్ వేళకు షికార్ ఖతం. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది. గాలం నోటి లోపల గుచ్చుకుంటేనే చేప నీది. వీపుకో కడుపుకో తోకకో తగిలితే వెంటనే నీళ్లలో వదిలేయాలి.

మావాడి దోస్తుకు ఇది నచ్చదు. "కడుపులో ముల్లు దిగిన చేప ఎట్లాగూ బతకదు కదా మామూ? వదిలేస్తే ఇస్రాఫ్ కాదా? అల్లాహ్ ఇచ్చిన రిజ్క్‌ను నీళ్లలో పారేసినట్టు కాదా?" అన్నాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. వదిలిన వాటిలో కొన్ని చావొచ్చు కూడా.

అయినా నేను ఖానూన్ వైపే. ఆ నీళ్లలో చేపలు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే, ఎర లేకపోయినా గాలాన్ని విసురుగా లాగితే ఏదో ఒకదాని ఒంట్లో దిగబడుతుంది. ఒంటికి గుచ్చుకున్నదీ ఇంటికి తీసుకుపోవచ్చంటే ఇక ఎర వేసి సబర్‌తో కూర్చునేదెవరు? ఆ గుంపులో గుడ్లు నిండిన కడుపులు ఎన్ని చీలుతాయి? ఒంటికి తగిలిన చేప వల్ల ఫాయిదా లేదన్నప్పుడే ఆ చెయ్యి ఆగుతుంది. నియమం ఆ ఒక్క చేప కోసం కాదు, పట్టేవాడి నియ్యత్ కోసం.

అస్హాబె సబ్త్ కిస్సా మన పిల్లలకు మదర్సాలో చెప్పేదే. పట్టకూడని శనివారం నాడే చేపలు పైకి తేలి వచ్చేవి, మిగతా రోజుల్లో కనబడేవి కావు. అదే ఇమ్తిహాన్. శుక్రవారమే వల పరిచి, ఆదివారం తీసుకుని, మేం శనివారం ముట్టలేదే అన్న హీలాబాజీ గురించి తఫ్సీర్లలో చదువుకున్నాం. ఎక్కువగా దొరికే చోటే కదా మనిషి ఈమాన్ తూగేది!

ఈరీ సరస్సు ఇంకో సబక్ కూడా నేర్చుకుంది. వాల్‌ఐకి తమ్ముడి వరస అయిన బ్లూ పైక్ అనే చేప ఒకప్పుడు అక్కడ కుప్పలుతెప్పలు. వలలేసి తోడారు, పైగా నీళ్లూ పాడయ్యాయి. 1950ల చివర్లో అది కుప్పకూలింది. 1983లో అంతరించిందని ప్రకటించారు. ఆ మసీదు తెరుచుకున్నదీ అదే ఏడాది. అంటే ఆ మసీదుకు వచ్చే నమాజీలు వాల్‌ఐని తింటారు గానీ, బ్లూ పైక్ రుచి ఇక ఎవరికీ తెలియదు.

మన గోదావరి పులసదీ ఇట్లాంటి సఫరే. అదీ గుడ్లు పెట్టడానికే వరద నీళ్లకు ఎదురీది ధవళేశ్వరం దాకా వస్తుంది. సముద్రంలో మర పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బందీ ఉంది, కానీ పులస నది ఎక్కేది ఆ తర్వాత, వానల్లో. పుస్తెలమ్మైనా తినాలంటారు కాబట్టి ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. గుడ్లున్న చేప అయితే మరీ షౌక్. దొరికేవి తగ్గుతున్నాయని అందరికీ మాలూమే, ధర పెరగడంతో మోజు ఇంకా పెరుగుతోంది.

ఈ వానాకాలం మా ఇంట్లో పులస మాట వస్తే నేను వద్దనే అంటాను. అమ్మీ వింటుందో లేదో చూడాలి.